నెలాఖరు రీఛార్జ్

"నాలుగు గొడుగులు ఎందుకమ్మా?"

కూతురు ఈ మాట అడగడం ఇది మూడోసారి. కండక్టరమ్మ మూడోసారి కూడా వినపడనట్టే ఊరుకుంది. హాలు మధ్యలో కుర్చీ లాక్కుని కూర్చుని, చుట్టూ ఉన్న సంచుల్లోంచి ఒక్కొక్క వస్తువూ తీసి బల్లమీద పేరుస్తోంది. గొడుగులయ్యాయి. తువ్వాళ్ళు వచ్చాయి. తర్వాత సబ్బులు, కుక్కర్ రబ్బర్లు, బల్బులు, రెండు ఫ్లాస్కులు, అల్లుడికి షేవింగ్ క్రీము, చివరికి మోచేతంత టార్చిలైటు. ఎవరింట్లో దొంగలు పడ్డారని ఆ టార్చిలైటు!

"దుకాణం పెడదామనుకుంటున్నావా?"

"పెడితే పెడతాను. నీకేం?"

"నాకేమా! షాపులో ఒకాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకుని అక్షరాలు చదవమని చెప్పి, అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చాను. పాపం, ఆయన ఇంకా కన్ను మూసుకునే ఉంటాడు."

కూతురు కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది. ఊళ్ళో వాళ్ళందరికీ కళ్ళు సరిచేసే మనిషి, తన తల్లికి ఏమవుతోందో మాత్రం నెలల తరబడి కనిపెట్టలేక సతమతమైపోతోంది.

"నిన్నెవరు రమ్మన్నారు? నేను బజారుకెళ్ళినట్టు నీకెవరు చెప్పారసలు?"

కూతురు నీళ్ళు నమిలింది. "పక్కింటావిడ ఫోన్ చేసింది."

పక్కింటావిడ ఇంట్లో లేదు. చెల్లెలి కాన్పుకని వెళ్ళి వారం దాటింది. అబద్ధం ఆడటం చేతకానివాళ్ళు ఆడితే ఇలాగే ఏడుస్తుంది. కండక్టరమ్మ సంచిలో తల దూర్చి బిల్లేదో వెతుక్కుంటోంది కాబట్టి సరిపోయింది. లేకపోతే అక్కడే పట్టుకునేది. సిటీ బస్సులో సర్వీసంతా నిలబడి చేసిన మనిషి. టిక్కెట్టు కొననివాడు కిటికీలోంచి బయటికి చూసే చూపుని బట్టే వాణ్ణి పట్టేసేది. రిటైరైన రోజున యూనిఫారం, టిక్కెట్ల సంచీ అప్పగించి వచ్చింది గానీ పేరు మాత్రం వెంట తెచ్చుకుంది. వీధిలో అందరికీ ఆవిడ కండక్టరమ్మే. అల్లుడు కూడా చాటుగా అలాగే అంటాడు.

నిజానికి ఎవరూ ఫోన్ చేయలేదు. మధ్యాహ్నం నుంచి కూతురి ఫోన్ షాపులో బల్లమీద టింగు టింగుమంటూనే ఉంది. అమ్మ చేతిలోని కార్డు ఎక్కడ గీకితే అక్కణ్ణించి ఒక మెసేజ్. గొడుగుల షాపు నుంచి ఒకటి. గిన్నెల షాపు నుంచి ఇంకొకటి. పోయిన నెల చివరి రోజూ ఇంతే. అంతకుముందు నెలా ఇంతే. మిగతా రోజుల్లో అప్పుడో టీ, ఇప్పుడో దగ్గు మందు, అంతే. చివరి రోజు వచ్చేసరికి ఆవిడకి పూనకం వచ్చినట్టు కొనేస్తోంది.

ఈ సంగతి ఆవిడకి తెలీదు. కార్డు కొన్నప్పుడు ఎవరి నంబరు ఇచ్చారో ఆవిడ అడగలేదు, వీళ్ళు చెప్పలేదు.

గుమ్మంలో పనిముట్ల సంచీ ధడాలున దిగింది. అల్లుడు వచ్చాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. ఎవరింట్లోనో ఫ్రిజ్ వెనక రేకు ఊడదీసి ఉండగా పెళ్ళాం ఫోన్ వచ్చిందట. చేతులకి ఆ నల్లజిడ్డు అలాగే ఉంది. బల్ల మీది సరుకంతా ఒకసారి చూసి, భార్య వంక చూసి, వంటింట్లోకి రమ్మని కళ్ళతో సైగ చేశాడు.

"మళ్ళీ ఎవడో ఫోన్ చేసి ఉంటాడు," అన్నాడు గొంతు తగ్గించి.

"ఫోన్ చేసినవాడు డబ్బులు లాక్కుంటాడు గానీ కుక్కర్ రబ్బర్లు కొనిపిస్తాడా?"

"అయితే అది ఇంకా దారుణం."

"ఏం దారుణం?"

"నా నోటితో అనిపించకు. మా పెద్దనాన్నకి కూడా ఇలాగే మొదలైంది. ఆయన తాళాలు కొనేవాడు. పోయేనాటికి ఇంట్లో తలుపులకన్నా తాళాలెక్కువ."

"మా అమ్మకి అలాంటిదేమీ లేదు."

"లేకపోతే మంచిదే. రేపు బ్యాంకులో ఏం చెప్తావు మరి?"

కూతురు స్టవ్ మీద ఏమీ లేకపోయినా గరిటె తీసుకుని అక్కడ పెట్టింది, ఇక్కడ పెట్టింది. రేపటి సంగతే ఆమె గుండెల్లో రాయిలా కూర్చుంది.

ఆర్నెల్ల కిందట పెన్షన్ ఆఫీసు నుంచంటూ ఒకడు ఫోన్ చేశాడు. ఎంత మర్యాదగా మాట్లాడాడో! అమ్మా అమ్మా అంటూ అన్నీ అడిగి తెలుసుకున్నాడు, ఈవిడ అన్నీ చెప్పింది. సాయంత్రానికి ఖాతాలో సర్వీసు చివర వచ్చిన డబ్బంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత కండక్టరమ్మ తనంతట తానే ఖాతాని కూతురి చేతికి అప్పగించింది. అల్లుడు అదే బ్యాంకులో ఈ కార్డు కొనుక్కొచ్చాడు. నెలకింత అని అందులో వేయడం, ఆవిడ అది వాడుకోవడం. ఆర్నెల్లు ఇలా చూసి, అంతా సవ్యంగా ఉంటే ఆవిడ ఖాతా ఆవిడకే తిరిగి ఇచ్చేయాలని ఒప్పందం. ఆ ఆర్నెల్లూ రేపటితో పూర్తి. పొద్దున్న పదింటికి బ్యాంకుకి వెళ్ళాలని ఆవిడ అప్పుడే చీర ఇస్త్రీ చేసి కుర్చీ వీపున వేసి పెట్టుకుంది. ఆ చీర అక్కడే, ఆ గొడుగుల పక్కనే ఉంది.

"ఇది చూశాక కూడా ఇచ్చేద్దామంటావా?" అన్నాడు అతను.

"అది ఆవిడ డబ్బు."

"పోయింది కూడా ఆవిడ డబ్బే. నేనేమైనా తినేద్దామనుకుంటున్నానా? పెన్షనొక్కటే మిగిలింది. అదీ పోతే ఆవిడ మొహం నువ్వు చూడగలవా? నేను చూడలేను."

ఆ మాట నిజంగానే అన్నాడు. కూతురు గరిటె వదిలేసింది. "మీరే చెప్పండి అయితే. నా నోరు రాదు," అంది.

"ఎప్పుడూ చెడ్డపేరు నాకేనా!" అని సణుగుతూనే అతను చేతులు కడుక్కుని హాల్లోకి నడిచాడు.

కండక్టరమ్మ షేవింగ్ క్రీము ఎత్తి చూపించింది. "అల్లుడుగారూ, మీకే. అది నురగ బాగా వస్తుందట. అడిగి మరీ తీసుకున్నాను."

అతనికి ఆ క్రీము చేతిలోకి తీసుకున్నాక చెప్పదలుచుకున్నది చెప్పడం మరీ కష్టమైపోయింది. కూర్చున్నాడు, లేచాడు, ఫ్యాన్ వేశాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, రేపటి బ్యాంకు పని... కొన్నాళ్ళు ఆగుదామండీ."

టార్చిలైటు తుడుస్తున్న ఆవిడ చెయ్యి ఆగింది. "ఎందుకు?"

"తొందరేముంది?"

"తొందర లేదా? ఆర్నెల్లు అన్నది మీరే. అయ్యాయి. ఏం, నేనేమైనా తప్పు చేశానా?"

"తప్పని కాదండీ. ఇవన్నీ చూస్తుంటే..." అని బల్లవైపు చెయ్యి ఊపాడు. "పోయిన నెలా ఇంతే కదా. దుప్పట్లు కొన్నారు. అంతకుముందు ఒకేసారి మూడు గోడ గడియారాలు. నెలంతా బానే ఉంటారు. చివరి రోజు ఏమవుతోంది మీకు?"

"చివరి రోజు కొనక ఎప్పుడు కొనమంటారు?" అంది కండక్టరమ్మ విసుగ్గా. "మర్నాటికి చెల్లదు కదా!"

వంటింటి గుమ్మంలో నిలబడిన కూతురు ముందుకొచ్చింది.

"ఏది చెల్లదమ్మా?"

"ఇంకేది, కార్డు! ఇవాళ నెలాఖరు కాదూ? రేపు తెల్లారితే అందులో మిగిలిందంతా గోవిందా. నెలంతా పొదుపుగా నెట్టుకొచ్చి చివరికి ఎవడి పాలో చేయమంటావా? అందుకే ఇంటికి పనికొచ్చేవి చూసి కొంటున్నాను. గడియారాలంటే, ఆ నెల ఇంకేం కొనాలో తోచలేదు. ఊరికే పోనిచ్చేకంటే నయం కదా అని."

"చెల్లదని నీకెవరు చెప్పారు?"

"నువ్వే!"

"నేనా?"

"నువ్వు కాదూ? కార్డు చేతిలో పెట్టిన రోజున ఏమన్నావు? 'నెల నెలా రీఛార్జ్ చేయిస్తానమ్మా, నీకేం బెంగ లేదు' అన్నావా లేదా? ఫోనుకి రీఛార్జ్ చేయిస్తే గడువు దాటాక ఉంటుందా? పోయిన నెల బస్సు పాసు ఒకటో తారీకు చెల్లుతుందా? ఒక్క రోజు దాటిన పాసు చూపించి బతిమాలిన వాళ్ళని ఎంతమందిని దింపేశానో నాకు తెలుసు. చదువుకునే పిల్లల్ని కూడా దింపాను. రూలంటే రూలే."

అల్లుడు ముందు నోరు వెళ్ళబెట్టాడు. తర్వాత పగలబడి నవ్వాడు. సోఫా చెయ్యి మీద కొట్టి కొట్టి నవ్వాడు. "బస్సు పాసు! కార్డుకి బస్సు పాసు! ఓరి నాయనో!"

"నవ్వుతారేం?" అంది ఆవిడ మూతి ముడిచి.

"అమ్మా, అది పోదు," అంది కూతురు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేస్తున్నాయి. తల్లి ముందు నేలమీద చతికిలబడి మోకాళ్ళు పట్టేసుకుంది. "నెల మారినా అందులోది అందులోనే ఉంటుంది. వచ్చే నెలది దానికి కలుస్తుంది. రీఛార్జ్ అని ఏదో నోటికొచ్చిన మాట అన్నాను. డబ్బు వేస్తానని అనాల్సింది. నీ కడుపు మాడ్చుకుని ఇన్ని నెలలు... పిచ్చిదానా!"

"పోదా?"

"పోదు."

"ఒక్క దమ్మిడీ పోదా?"

"వేసేటప్పుడు వాళ్ళు కొంచెం కోసుకుంటారు. అంతే."

కండక్టరమ్మ గొడుగుల వంక చూసింది. ఫ్లాస్కుల వంక చూసింది. ఆ మొహంలో సిగ్గు ఎర్రగా పాకింది. "అయితే ఈ టార్చిలైటు వాపసు తీసుకుంటాడంటావా?" అంది చిన్నగా. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వు అక్కడితో ఆగి, అందరూ లేచి ఎవరి పని వాళ్ళు చూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

అల్లుడికి సంతోషం వస్తే నోటికి బ్రేకులుండవు.

"అదన్నమాట సంగతి! నేను జుట్టు పీక్కున్నాను కదా! నెలంతా ఒక టీ మెసేజ్, ఒక దగ్గు మందు మెసేజ్, చివరి రోజున మాత్రం దీని ఫోన్ టింగు టింగుమని..."

పెళ్ళాం చూపు తగిలి ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది.

"ఏం మెసేజులు?" అంది కండక్టరమ్మ.

అల్లుడు షేవింగ్ క్రీము మూత తిప్పడం మొదలుపెట్టాడు.

"అల్లుడుగారూ, మిమ్మల్నే. దీని ఫోన్లోకి ఏం మెసేజులు వస్తాయి?"

"అంటే... మామూలుగా... ఎవరి నంబరు ఇస్తే వాళ్ళకి వస్తాయండీ. కార్డు ఎక్కడ వాడితే అక్కడిది. అది వాళ్ళ పద్ధతి. మనం చేసిందేం లేదు."

"నేను టీ తాగితే వస్తుందా?"

కూతురు తల్లి మోకాళ్ళ మీంచి చేతులు తీసేసింది. "వస్తుందమ్మా."

"ఎక్కడ తాగానో కూడా వస్తుందా?"

"షాపు పేరు వస్తుంది."

ఆవిడ కళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి, వెనక్కి వెళ్ళి ఒక్కొక్క రోజే తిరగేస్తున్నట్టు.

"ఆ వాన రోజున," అంది చివరికి, "నేను డిపో ఎదురుగా టీ కొట్లో కూర్చున్నాను. కార్డు గీకి లేవబోతుంటే నువ్వు ఫోన్ చేశావు. 'అమ్మా, తడుస్తావేమో, వాన తగ్గేదాకా అక్కడే కూర్చో' అన్నావు. నేను ఎక్కడున్నానో అడగలేదు."

"అమ్మా..."

"దగ్గు మందు కొన్నరోజున నేను ఇంటికొచ్చేసరికి వేడినీళ్ళు కాచి పెట్టావు. నేను దగ్గనైనా దగ్గలేదు. డిపో దగ్గర బెంచీ మీద మా రిటైరైన వాళ్ళందరికీ చెప్పాను. ఒకరోజు కాదు, రోజూ చెప్పాను. మీ పిల్లలు మీకు ఫోన్లయినా చేయరు, నా కూతురికి నేను నోరు తెరవకుండానే నా మనసు తెలిసిపోతుందని. ఎంత మురిసిపోయానో!"

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వేడినీళ్ళు కాచింది మెసేజ్ కాదమ్మా, నేను. నువ్వు కనపడక అల్లాడింది నేను. ఆ దొంగవెధవ ఫోన్ చేసిన రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. టింగుమంటే ఓహో, మా అమ్మ ఫలానా చోట ఉంది, టీ తాగుతోంది, బానే ఉంది అనుకునేదాన్ని. అప్పుడు గానీ నాకు పని మీద ధ్యాస ఉండేది కాదు. అది తప్పా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు టీ కూడా మానేస్తావని."

ఆ జవాబు సరిగ్గా తగిలింది. ఎందుకంటే ఆవిడ నిజంగానే మానేసేది.

అల్లుడు మెల్లగా అందుకున్నాడు. "అత్తయ్యగారూ, మెసేజుల మాట వదిలేయండి. కార్డు సంగతి మాత్రం ఆలోచించండి. ఖాతా మీ చేతిలో ఉంటే, ఎవడైనా మళ్ళీ మాయ చేస్తే మొత్తం పోతుంది. కార్డులో అయితే ఆ నెలది పోతుంది, అంతే. అసలు సొమ్ము జోలికి ఎవడూ రాలేడు. పారేసుకున్నా ఒక్క ఫోన్ చేస్తే ఆపేస్తారు. ఉన్నంతవరకే ఖర్చు, అప్పులపాలయ్యే బాధ లేదు. ఇంత సుఖం ఇంకెందులో ఉంది?"

"సుఖమా!" కండక్టరమ్మ ఒంటికాలి మీద లేచింది. "కూరలమ్మేవాడు కార్డు తీసుకోడు. చెప్పు కుట్టేవాడు తీసుకోడు. అక్కడ కాస్త చవగ్గా వచ్చేది ఇక్కడ అద్దాల షాపులో ఎక్కువ పెట్టి కొనాలి. పోనీ మిషన్లో డబ్బులు తీసుకుందామంటే తీసినప్పుడల్లా దానికి దక్షిణ ఇవ్వాలి. వేసేటప్పుడు మీకు కోత, తీసేటప్పుడు నాకు కోత. జీవితమంతా చిల్లర సంచీ భుజాన వేసుకుని తిరిగినదాన్ని, ఇవాళ నా చేతిలో ఒక్క నాణెం ఉండదు. కార్డు మీద నా పేరైనా ఉందా? నా బ్యాడ్జి మీద నంబరైనా ఉండేది."

"దానికేముందండీ..."

"ఇవన్నీ ఓర్చుకున్నాను అల్లుడుగారూ. తప్పు నాది, డబ్బు పోగొట్టింది నేను. కోత ఓర్చుకున్నాను, చిల్లర లేకపోయినా ఓర్చుకున్నాను. రేపటితో అయిపోతుంది కదా అని." ఆవిడ కూతురి వైపు తిరిగింది. గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "నా బస్సు చెకింగ్ వాళ్ళు ఎన్నిసార్లు ఎక్కారో లెక్కలేదు. ఎప్పుడూ కోపం రాలేదు. యూనిఫారం వేసుకుని, ఎదురుగా నిలబడి, సంచీ చూపించమ్మా అని అడిగేవాళ్ళు. చూపించేదాన్ని. నువ్వు ఎప్పుడు ఎక్కావో కూడా నాకు తెలియలేదే!"

ఇస్త్రీ చీర తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. తలుపు వేసుకోలేదు. వేసుకుని ఉంటే కూతురు తట్టేది, బతిమాలేది. తెరిచిన తలుపులోంచి మంచం మీద వెనక్కి తిరిగి కూర్చున్న వీపు కనిపిస్తుంటే ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నేను కావాలని అనలేదు," అన్నాడు అతను.

"మీరెప్పుడు కావాలని అన్నారు గనక!"

ఆ రాత్రి భోజనాల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు, ఇద్దరే తిన్నారు. ఆ ఇద్దరూ కూడా తిన్నామంటే తిన్నామని. కాలుగాలిన పిల్లిలా కూతురు హాల్లోకి, వంటింట్లోకి తిరిగింది. గొడుగులు అటక మీద పెట్టింది, మళ్ళీ దింపింది.

తెల్లారాక అల్లుడు ఎవరింట్లోనో ఫ్రిజ్ అర్జెంటుగా పాడైందని పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. అంత పొద్దున్నే ఎవరి ఫ్రిజ్ పాడవుతుందో అతన్నే అడగాలి. గుమ్మం దాకా వెళ్ళి భార్య చెవిలో, "ఏం చేసినా ఆలోచించి చెయ్యి. తర్వాత నన్ననొద్దు," అన్నాడు.

బ్యాంకుకి తల్లీకూతుళ్ళిద్దరూ నడిచి వెళ్ళారు. రోడ్డు దాటేచోట కూతురు చెయ్యి పట్టుకోబోతే కండక్టరమ్మ సంచీ ఆ చేతిలోకి మార్చుకుంది.

కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి చిన్నది. మంచిగా నవ్వింది. "ఖాతా మళ్ళీ మీ చేతికి మార్చాలి, అంతేనా అమ్మా?"

"ఆగమ్మా," అంది కండక్టరమ్మ. "ముందు నాకు తెలీనివి అడుగుతాను, విసుక్కోకు. ఖాతా ఉంటే నాకేం లాభం, కార్డు ఉంటే ఏం లాభం? ఎదురుగా నిలబడి అడుగుతున్నాను, దాచకుండా చెప్పు."

ఆ అమ్మాయి కూతురి వంక చూసింది. కూతురు కిందకి చూసింది.

"ఖాతాలో ఉంటే వడ్డీ వస్తుందండీ. ఇక్కడికొచ్చి మీ డబ్బు మీరు తీసుకుంటే కోత ఏమీ ఉండదు. కార్డులో అయితే వడ్డీ రాదు, వేసినప్పుడు ఛార్జి, డబ్బు తీసినా ఛార్జి. కానీ ఖాతా వివరాలు ఎవరి చేతిలోనైనా పడితే మొత్తానికి ముప్పు. కార్డుకి అయితే అందులో ఉన్నంతవరకే."

"కార్డులో నేనే వేసుకోవచ్చా? ఇంకొకళ్ళు వేయక్కర్లేదా?"

"నిక్షేపంగా వేసుకోవచ్చు."

"నెలాఖరుకి పోదు కదా?"

"పోదండీ. చాలా కాలం వాడకుండా పడేస్తే మాత్రం కొంత కోసుకుంటారు."

కండక్టరమ్మ తల ఊపింది. రాత్రంతా ఆలోచించుకున్న మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. "డ్యూటీకెళ్ళేటప్పుడు ఇంట్లో ఉన్నదంతా సంచిలో పోసుకుని బస్సెక్కం. ఆ రోజుకి కావలసిన చిల్లర వేసుకుని ఎక్కుతాం. ఖాతా నా ఒక్కదాని చేతిలో ఉంచమ్మా. అందులోంచి నెలకి కావలసింది కార్డులో నేనే వేసుకుంటాను. కూరలకి ఇక్కడికొచ్చి చిల్లర తీసుకెళ్తాను. కోత కొంత పడినా సరే, నిద్ర పడుతుంది. ఆ ఫోన్ మళ్ళీ వస్తే నేను మోసపోనని చెప్పలేను కదా." అక్కడ ఒక్క క్షణం ఆగింది. "మెసేజులు మాత్రం నా ఫోన్‌కి రావాలి. నాకొక్కదానికే."

కూతురు తలెత్తి తల్లిని చూసింది. అల్లుడు చెప్పిన మంచీ, తాను పడ్డ కష్టమూ రెండూ కలిపి ఆవిడ ఒక దారి వేసుకుంది. అందులో పొరపాటు వెతుకుదామన్నా కూతురికి దొరకలేదు. తనకి చోటు కూడా దొరకలేదు.

ఆ అమ్మాయి టకటకా ఏవో నొక్కింది. "రెండింటికీ పాత నంబరు ఈవిడదే ఉంది. మార్చాలంటే ఆ ఫోన్‌కి ఒక ఓటీపీ నంబరు పంపిస్తాను. అది ఈవిడ చెప్తే పనయిపోతుంది."

"చెప్పకపోతే?" అంది కూతురు. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"చెప్పకపోతే మారదండీ."

కూతురి చేతిలో ఫోన్ టింగుమంది. కండక్టరమ్మ ఆ ఫోన్ వంక చూడలేదు. ఎదురుగా గోడ మీది క్యాలెండర్ చూస్తోంది.

"అమ్మా, ఒక్క మాట," అంది కూతురు. "ఇవి రాకపోతే నువ్వెక్కడున్నావో, ఎలా ఉన్నావో నాకెలా తెలుస్తుంది?"

"అడుగు."

"అడిగితే చెప్తావా?"

"ఎందుకు చెప్పను? నేనేం దాచుకునేదాన్ని కాదు. ఎదురుగా నిలబడి అడుగు, ఏదైనా చెప్తాను."

కూతురు ఎదురుగా వచ్చి నిలబడింది. తల్లి కళ్ళలోకి సూటిగా చూసింది. "పొద్దున్న ఏమైనా తిన్నావా?"

"తిన్నాను," అంది కండక్టరమ్మ వెంటనే. రెప్ప కూడా వేయలేదు. "నువ్వు పెట్టిందంతా తిన్నాను."

బయల్దేరే ముందు తల్లికి టిఫిను పెట్టిన పళ్ళెం మీద మూత తీసి చూసింది కూతురే. పెట్టింది పెట్టినట్టే ఉంటే ఎత్తి ఫ్రిజ్‌లో పెట్టింది కూడా తనే.

"మేడమ్, ఆ నంబరు చెప్తారా?" అంది కౌంటర్ అమ్మాయి. "ఎక్కువసేపు ఉండదండీ అది."

కూతురు మొదటి అంకె చెప్పింది. రెండోది నోట్లో ఉండగానే మళ్ళీ తల్లి మొహంలోకి చూసింది. అప్పటికి కండక్టరమ్మ క్యాలెండర్ వదిలేసి కూతురినే చూస్తోంది.

"తర్వాత మేడమ్?"

"అమ్మా," అంది కూతురు, "ఇంకోసారి అడుగుతున్నాను. పొద్దున్న తిన్నావా?"